థార్ ఎడారిలో మెత్తని వెలుతురు: ఇసుక తిన్నెలను ఏ వేళకు, ఎటు తిరిగి తీయాలి?

సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ జైసల్మేర్ వెళ్తున్నానని, కిందటిసారి ఆ ఊరికి పడమరనున్న సామ్ తిన్నెల దగ్గర మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోల్లో ఇసుక పాలిపోయి తిన్నెల ఎత్తుపల్లాలే తెలియలేదని, సాయంత్రం తీసినవేమో నారింజ రంగు పులిమినట్టు, నల్లటి నీడలతో కటువుగా వచ్చాయని రాశారు. మెత్తని సహజమైన వెలుతురులో ఎడారిని తీయాలంటే ఏ వేళకు ఎక్కడ నిలబడాలి, ఏ ఫిల్టర్ కొనాలి అన్నది మీ ప్రశ్న. ఫిల్టర్ సంగతి చిన్నది కాబట్టి చివర చెబుతాను. మిగతాది కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మీ రెండు రకాల ఫోటోలూ చెడడానికి కారణం ఒక్కటే. రెండు వేళల్లోనూ మీరు తిన్నె మీద పడిన ఎండను తీశారు. ఆకాశం నుంచి దాని మీద పడే వెలుతురును తీయలేదు.

గోల్డెన్ అవర్ (పొద్దు పొడిచిన వెంటనే, కుంకే ముందు వచ్చే వేళ) అంటే మెత్తని వెలుతురు అని చాలామంది అనుకుంటారు, కాని అది పూర్తిగా నిజం కాదు. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పే ఉంటుంది. పొద్దున్నైనా మధ్యాహ్నమైనా ఆ వెడల్పు మారదు. అంత చిన్న దీపం నుంచి వచ్చే వెలుగులో నీడ అంచు ఎప్పుడూ కత్తిరించినట్టే ఉంటుంది. ఇసుకకు మీటరు దూరంలో చెయ్యి పట్టుకుని చూడండి, ఆ నీడ అంచు మసకబారే మేర సెంటీమీటరు కూడా ఉండదు. పొద్దు వాలే కొద్దీ మారేది ఆ అంచు కాదు, ఎండకూ నీడకూ మధ్య ఉన్న తేడా. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కాంతి దాటి రావలసిన గాలి మందాన్ని ఒకటి అనుకుంటే, 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి అది ఐదున్నర రెట్లు, 5 డిగ్రీల దగ్గర పది రెట్లు, నేలను తాకే క్షణాన సుమారు 38 రెట్లు అవుతుంది. అంత గాలిని దాటడంలో ఎండ బలం చాలావరకు పోతుంది, నీలం పాలు చెదిరిపోయి ఎరుపు పసుపులు మిగులుతాయి. కనుక పొద్దు కుంకే ముందు వచ్చే నీరెండ వెచ్చగా ఉంటుంది, తీక్షణత తగ్గి ఉంటుంది, అయినా దాని స్వభావం ఎండదే. నీడలు పొడవుగా, అంచులు స్పష్టంగానే పడతాయి. మీ సాయంత్రపు ఫోటోల్లో కటుత్వం అక్కడిదే.

నిజంగా మెత్తని వెలుతురు కావాలంటే వెలుగునిచ్చేది పెద్దదిగా ఉండాలి, ఎడారిలో అంత పెద్దది ఆకాశం ఒక్కటే. సూర్యుడు కనిపించకుండా ఆకాశం మాత్రమే వెలుగునిచ్చే సందర్భాలు ఎడారిలో నాలుగున్నాయి: పొద్దు పొడవక ముందు, పొద్దు కుంకాక, పల్చని మబ్బు లేదా దుమ్ము సూర్యుణ్ణి కప్పినప్పుడు, ఇక తిన్నె తన సొంత నీడలో తానే ఉన్నప్పుడు. ఈ చివరి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా దృష్టిలో మీబోటి పరిమిత సెలవులున్నవారికి అదే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

అయితే మెత్తదనం ఒక్కటే సరిపోదన్నది ముందే గుర్తుంచుకోవాలి. అడవిలోనో జలపాతం దగ్గరో అన్ని వైపుల నుంచీ సమానంగా వచ్చే మబ్బు వెలుతురు వరంలాంటిది, ఎందుకంటే అక్కడ ఆకులకూ రాళ్ళకూ వేటి రంగు వాటికే ఉంటుంది. ఇసుక అలా కాదు. తిన్నె అంతా ఒకే రంగు. దాని ఆకారాన్ని చూపించేది వెలుగునీడలు మాత్రమే. దట్టమైన మబ్బు కింద తిన్నెను తీస్తే ఏ వైపూ మరో వైపు కంటే వెలుగ్గా ఉండదు, వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు, చివరికి మీ మధ్యాహ్నపు ఫోటోల్లాగే వస్తుంది. అందుకని ఎడారిలో మనం వెతకవలసింది మెత్తగా ఉంటూనే ఒక వైపు నుంచి వచ్చే వెలుతురును. సంధ్యవేళ ఆకాశం సరిగ్గా అలాంటిదే: సూర్యుడున్న దిక్కు వెలుగ్గా, ఎదుటి దిక్కు మసకగా, మధ్యలో ఎక్కడా తెగిపోకుండా క్రమంగా తగ్గుతూ ఉంటుంది.

ఇప్పుడు వేళల సంగతి. జైసల్మేర్ సుమారు 71 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, మన గడియారమేమో 82.5 డిగ్రీల రేఖాంశానికి తిప్పి పెట్టినది. దానివల్ల అక్కడి సూర్యుడు గడియారం కంటే దాదాపు 46 నిమిషాలు వెనక నడుస్తాడు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాదులో ఆరూ నలభై ఎనిమిది ప్రాంతంలో పొద్దు పొడిస్తే, జైసల్మేర్‌లో ఏడున్నర దాటి మరో అయిదు నిమిషాలకు గాని పొడవదు. సాయంత్రం ఆరుంబావు దగ్గర కుంకుతుంది. మన అలవాటు ప్రకారం అయిదింటికే లేచి చీకట్లో చలికి వణుకుతూ కూర్చోనక్కరలేదు, ఆరున్నరకు తిన్నె మీద ఉంటే చాలు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు గంటకు సుమారు 12 డిగ్రీల చొప్పున ఎత్తు పెరుగుతాడు కాబట్టి, పొద్దు పొడవడానికి ముందు ఉపయోగపడే సంధ్య 25 నిమిషాలు, పొడిచిన తరువాత నీరెండ మరో అరగంట. బారెడు పొద్దెక్కాక ఆ పని అయిపోయినట్టే. ఇంకో సంగతి, జనవరిలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. 24 డిగ్రీలు దక్షిణానికి మొగ్గి, దాదాపు ఆగ్నేయం నుంచి వస్తాడు, నైరుతి వైపుకు జరిగి అస్తమిస్తాడు. తిన్నెలు ఎటు తిరిగి ఉన్నాయో తెలిస్తే ఈ లెక్క చాలా విలువైనది.

థార్‌లో బలమైన గాలి ఏప్రిల్ నుంచి వానాకాలం మధ్య వరకు నైరుతి నుంచి వీస్తుంది. గాలి తోసే వైపు తిన్నె వాలు తక్కువగా, 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. శిఖరం దాటిన ఇసుక అవతలి వైపుకు జారి పడుతుంది, ఆ జారుడు వైపు వాలు 33, 34 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఎండిన ఇసుక అంతకంటే నిటారుగా నిలవదు. గాలి నైరుతి నుంచి కాబట్టి జారుడు వైపు ఎక్కువగా ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. ప్రతి తిన్నే ఇలాగే ఉంటుందని కాదు, శిఖరరేఖ పాములా వంకర తిరుగుతుంది, చలికాలపు గాలులు పైఅంచును కొంచెం అటూ ఇటూ మారుస్తాయి. ఫోన్‌లోని దిక్సూచితో అక్కడికక్కడ సరిచూసుకోండి.

ఇక్కడే నేను చెప్పిన సొంత నీడ సంగతి వస్తుంది. జనవరి మధ్యలో జైసల్మేర్‌లో మధ్యాహ్నపు సూర్యుడు కూడా 42 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. గడియారంలో మూడయ్యేసరికి 33, 34 డిగ్రీలకు దిగి, దక్షిణ నైరుతి దిక్కున ఉంటాడు. అంటే ఈశాన్యానికి తిరిగిన జారుడు వాలుకు సూర్యుడు సరిగ్గా వెనక్కి వచ్చాడన్నమాట. ఎండ ఆ వాలును రాసుకుంటూ పోయి, కొద్ది నిమిషాల్లోనే మొత్తం వదిలేస్తుంది. అప్పటి నుంచి చీకటి పడేవరకు, మూడు గంటలకు పైగా, ఆ వైపంతా ఆకాశపు వెలుతురులోనే ఉంటుంది. తిన్నె కింద ఈశాన్యం వైపు నిలబడి, ఎండ పడుతున్న శిఖరాన్ని ఫ్రేములోకి రానివ్వకుండా, 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో నీడలో ఉన్న వాలును మాత్రమే తీసుకోండి. ఇసుక నాలుకల్లా జారి ఆగిన చోట్లు, పేడపురుగు నడిచిన సన్నని జంట చుక్కల దారి, గాలి తెచ్చి పెట్టిన ఎండు గడ్డిపోచ చుట్టూ గీసిన అర్ధచంద్రం, ఇవన్నీ కటువైన నీడ లేకుండా, పక్కనున్న ఎండ ఇసుక నుంచి తిరిగి వచ్చే వెచ్చని వెలుగుతో కలిసి కనబడతాయి. ఫ్రేములో ఎండ తునక ఒక్కటి చేరినా కెమెరా దాన్ని కాపాడబోయి నీడను నల్లగా చేస్తుంది. మీ సాయంత్రపు ఫోటోల్లో జరిగింది అదే. ఎండనూ నీడనూ ఒకే చిత్రంలో పట్టాలనుకోవడం తప్పేమీ కాదు గాని, అది మెత్తని వెలుతురు చిత్రం కాదు, వేరే రకం చిత్రం. మీరు కోరుకున్నది మొదటిదైతే రెండోదానికి ఆశపడవద్దు.

నీరెండ ఉన్న అరగంటను ఇసుక మీది అలలకు వాడుకోండి. ఆ అలలు వేళ్ళ మందాన ఎత్తు, జానెడు లోపు ఎడం ఉండే సన్నని ముడతలు; వాటి వాలు చాలా తక్కువ. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు తిన్నె నీడ ఇస్తుంది కాని ఈ ముడతలు ఇవ్వవు, 10 డిగ్రీల లోపుకు దిగితేనే వాటి నీడలు మొదలవుతాయి. దగ్గరగా వంగి చూస్తే ప్రతి ముడత నెత్తిన ముతక రేణువులు, పల్లంలో మెత్తని రేణువులు చేరి ఉంటాయి, ఆ తేడా నీరెండలో స్పష్టంగా తెలుస్తుంది. సూర్యుడు కుంకిన తరువాత కూడా పడమటి కాంతి పక్క నుంచి వస్తూ ఉంటే అవి కనిపిస్తాయి, అయితే నీడల్లా కాక రెండు రంగుల పట్టీల్లా: పడమటికి తిరిగిన వైపు లేత గులాబీ, తూర్పు వైపు నీలి బూడిద. ఎడారి ఫోటోగ్రఫీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వెలుతురు ఇదే, అది ఉండేది పది పన్నెండు నిమిషాలు మాత్రమే.

ఆ పది నిమిషాల్లో జనమంతా సామ్‌లో ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. సూర్యుడు మునగ్గానే చప్పట్లు కొట్టి, ఒంటెలు దిగి, జీపులెక్కి, డేరాల్లో టీకీ పాటలకీ వెళ్ళిపోతారు. మీరు మాత్రం అస్తమయానికి వీపు పెట్టి తూర్పు వైపు చూడండి. నేలను ఆనుకుని మసక నీలం పట్టీ ఒకటి లేస్తూ ఉంటుంది, అది భూమి తన నీడను వాతావరణం మీద వేయడం. దాని పైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది, సూర్యకాంతి చిట్టచివరగా ఎర్రబారి ఆ గాలి మీద పడి వెనక్కి చెదరడం వల్ల వచ్చేది. గాలిలో సన్నని దుమ్ము ఉండే థార్‌లో చలికాలపు నిర్మలమైన సాయంత్రాల్లో ఇది చక్కగా కనిపిస్తుంది. సూర్యాస్తమయమైన పది నిమిషాలకు బలంగా ఉండి, పావుగంట దాటాక కరిగిపోతుంది. పున్నమికి ముందురోజు సాయంత్రం చంద్రుడు సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందే లేస్తాడు కాబట్టి, సరిగ్గా ఈ గులాబీ పట్టీలో, ఇసుక మీద ఇంకా వెలుతురు మిగిలి ఉండగానే దొరుకుతాడు. పున్నమి రోజున చూస్తే చంద్రుడు పట్టీ పైకి వచ్చేసరికి నేల చీకటిలో పడిపోతుంది. ఒక హెచ్చరిక, మాఘ పౌర్ణమికి జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది, అప్పుడు సామ్‌లో ఖాళీ తిన్నె దొరకడం కష్టం.

తెల్లవారుజామున ఇదే దృశ్యం తిరగబడి, గులాబీ పట్టీ పడమటి దిక్కున వాయవ్యానికి మొగ్గి దిగుతూ కనిపిస్తుంది. నేను ఉదయాన్నే ఎంచుకుంటాను. రాత్రంతా మనుషులు తిరగని ఇసుక ఉంటుంది, దుమ్ము అణగి ఉంటుంది, ఈశాన్యానికి తిరిగిన జారుడు వాలు మీద ఆగ్నేయం నుంచి వచ్చే వెలుగు పక్కవాటుగా పడుతుంది. తిన్నెకు ఎదురుగా కాక, వెలుగు మీ కుడి భుజం వైపు ఉండేలా ఉత్తరానికి తిరిగి నిలబడితే వంపులు బాగా తెలుస్తాయి. వెలుగుకు నేరుగా వీపు పెడితే ఎంత మెత్తని వెలుతురైనా తిన్నె చదునుగానే కనిపిస్తుంది.

మబ్బుల విషయం. థార్‌లో చలికాలంలో మధ్యధరా వైపు నుంచి వచ్చే వాతావరణపు అలజడులు వాన తక్కువగానూ పైఎత్తు పల్చని మబ్బులు ఎక్కువగానూ తెస్తాయి. ఆ దూదిపొరలాంటి మబ్బు వెనక సూర్యబింబం జాడ కనిపిస్తూ, నేల మీద మీ నీడ లీలగా ఉందో లేదో అన్నట్టు పడుతుంటే, అప్పుడు గంట ఎంతైనా సరే కెమెరా తీయండి. నీడ పూర్తిగా మాయమైందా, కెమెరా సంచిలో పెట్టేసి ఊళ్ళోకి వెళ్ళి మనుషుల ఫోటోలు తీసుకోండి, వాళ్ళ ముఖాలకు ఆ వెలుతురు బాగుంటుంది, తిన్నెలకు బాగుండదు. దుమ్ము తెర కూడా ఇలాగే పని చేస్తుంది గాని, అది ఏప్రిల్, జూన్ మధ్య ఎక్కువ. ఆ రోజుల్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలిదుమారంలో కెమెరా బయటికి తీయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఎక్కడ తీయాలి అన్నదానికి: సామ్ జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్లు, ఖూరీ నైరుతిగా దాదాపు 50 కిలోమీటర్లు. థార్ అంతా ఇసుక సముద్రమనుకుని వెళ్ళేవారికి ఆశాభంగం తప్పదు. చెట్టూ చేమా లేని వట్టి తిన్నెలున్న మేర చిన్నది, చలికాలంలో గాలి మందంగా వీస్తుంది కనుక నిన్నటి టైరు చాళ్ళూ ఒంటె అడుగులూ ఇవాళ కూడా అలాగే ఉంటాయి. వెడల్పు లెన్స్‌తో ఆ చాళ్ళు తప్పించడం అసాధ్యం. రోడ్డు నుంచి అరగంట నడిచి అవతలి వరుసలకు వెళ్ళండి, లేదా ఖూరీలో రాత్రి ఉండండి. నేనైతే రెండోది చేస్తాను. వట్టి ఇసుక దొరకలేదని బాధపడనక్కరలేదు, తిన్నె అంచున ఒంటరిగా నిలిచిన జమ్మి చెట్టు సంధ్యవెలుగులో ఎంతో బాగుంటుంది. అక్కడివాళ్ళు దాన్ని ఖేజ్రీ అంటారు. మన దసరాకు పూజించే జమ్మి అదే, తెలంగాణకూ రాజస్థాన్‌కూ కూడా రాష్ట్ర వృక్షం. ఈ ప్రాంతమంతా డెజర్ట్ నేషనల్ పార్కును ఆనుకుని, కొంత దాని పరిధిలోనే ఉంది. మన రోళ్ళపాడు అభయారణ్యం పేరుతో తెలుగువారికి తెలిసిన బట్టమేక పిట్టకు దేశంలో మిగిలిన ప్రధాన ఆశ్రయం ఇదే, కాబట్టి గడ్డిబీడుల్లోకి జీపును దారి తప్పించవద్దు, డ్రైవరు తానే తిప్పుతానన్నా వద్దనండి. సరిహద్దు దగ్గరి గ్రామాలకు అనుమతి లేకుండా వెళ్ళరాదు, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఎక్స్‌పోజర్ విషయంలో ఇసుక కెమెరాను మోసగిస్తుంది. కెమెరాలోని మీటరు తాను చూసేదంతా మధ్యరకపు బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది, ఎండిన ఇసుక అంతకంటే రెట్టింపు వెలుగును తిప్పి పంపుతుంది. అందుకే ఫ్రేములో ఎక్కువ భాగం ఇసుకే ఉన్నప్పుడు మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచాలి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). తెల్లని ఉప్పు నేల ఉన్న కచ్ రణ్‌లోనో, అమెరికాలో ఉండేవారు వెళ్ళే న్యూ మెక్సికోలోని వైట్ సాండ్స్ జిప్సం తిన్నెల్లోనో ఇంకా ఎక్కువ పెంచాలి. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూసేటప్పుడు మూడు రంగులూ విడివిడిగా చూపే దాన్ని ఎంచుకోండి, ఎందుకంటే నీరెండలో ఇసుక ఎరుపు పాలు ముందుగా అంచు దాటిపోతుంది, మొత్తం వెలుగును చూపే గ్రాఫ్‌లో అది తెలియదు. ఎరుపు ఒకసారి అంచు దాటితే ఇసుక రేణువుల తేడా పోయి రంగు పూసిన గోడలా వస్తుంది. మీ సాయంత్రపు ఫోటోల నారింజ ముద్ద ఇందువల్లేనని నా అనుమానం.

వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుగు రంగును బట్టి ఫోటో రంగులను సరిదిద్దే అమరికను, ఆటోలో వదలవద్దు. సంధ్యవేళ ఆకాశం గులాబీగా, నీలంగా ఉండటమే చిత్రానికి ప్రాణం, ఆటో దాన్ని లోపమనుకుని సరిదిద్దుతుంది, అదీ ఒక్కో ఫోటోకు ఒక్కోలా. డేలైట్ దగ్గర, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ దగ్గర బిగించి, రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైల్) తీయండి. మధ్యాహ్నం మూడు తరువాత నీడవాలు తీసేటప్పుడు మాత్రం నీలం మరీ ఎక్కువైతే ఇంటికొచ్చాక కొంచెం వెచ్చగా మార్చుకోండి, పూర్తిగా తీసేయవద్దు.

పొద్దు కుంకిన తరువాత వెలుతురు ఎంత వేగంగా పడిపోతుందో కొత్తవారికి అంచనా ఉండదు. ఆ 25 నిమిషాల్లో సుమారు నాలుగు నిమిషాలకు ఒక స్టాప్ చొప్పున తగ్గుతుంది. లెన్స్ రంధ్రం ఎఫ్/11, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100 దగ్గర మొదట్లో సెకను లోపు సరిపోయిన షట్టర్, పావుగంటకల్లా అయిదారు సెకన్లు దాటుతుంది, చివరికి నిమిషం దాకా పోతుంది. ఒక ఎక్స్‌పోజర్ పెట్టుకుని అదే నమ్ముకుంటే మూడో ఫోటోకే చీకటి పడుతుంది, కనుక ప్రతి చిత్రానికీ హిస్టోగ్రామ్ చూడక తప్పదు. ఇంత పొడవు షట్టరుకు ట్రైపాడ్ కావాలి, ఇసుకలో ట్రైపాడ్ పెట్టడానికో పద్ధతి ఉంది. మూడు కాళ్ళనూ విప్పి, బలంగా నొక్కి, ఇక దిగదన్న చోటి దాకా దింపండి. పైపైన ఆనించి వదిలేస్తే ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ మధ్యలో నెమ్మదిగా కుంగుతుంది. అన్నిటికంటే కింది సన్నని భాగాన్ని జానెడైనా బయటికి లాగి ఉంచితే బిగింపు మరలు ఇసుకకు పైన ఉంటాయి, లేకపోతే ఒక్క సాయంత్రంలోనే అవి కరకరలాడడం మొదలవుతుంది.

లెన్సుల్లో నాకు 70-200 మిల్లీమీటర్ల జూమ్ మీదే ఎక్కువ నమ్మకం. తిన్నెల వరుసలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపించడం, చాళ్ళనూ డేరాలనూ బయటికి నెట్టేయడం దానికే చేతనవుతుంది. ముందుభాగంలో అలలు, వెనక శిఖరం రెండూ కావాలనుకుంటే 24 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/11 పెట్టి, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో రెండు మీటర్ల దగ్గర ఫోకస్ నిలిపితే, మీటరు దూరం నుంచి దిగంతం దాకా స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/16 దాటిస్తే ఇసుక రేణువుల పదును తగ్గుతుంది. తిన్నెల మీద లెన్స్ మార్చవద్దు. ఏది కావాలో డేరాలోనే తేల్చుకుని తగిలించుకోండి. లెన్స్ మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకుండా గాలి బుడ్డితో ఊదండి, తుడిస్తే ఆ రేణువే గీత పెడుతుంది. జనవరి ఉదయాల్లో చలి 10 డిగ్రీల కంటే తక్కువ ఉంటుంది కనుక అదనపు బ్యాటరీని లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి. చలి నుంచి వెచ్చని గదిలోకి వచ్చేటప్పుడు సంచి జిప్ తీయకుండా అరగంట వదిలేస్తే లెన్స్ మీద చెమ్మ పట్టదు.

ఫోటోలు దిద్దేటప్పుడు ఎక్కువమంది చేసే పని, మెత్తని వెలుతురులో తీసిన చిత్రాన్ని కంప్యూటరులో మళ్ళీ కటువుగా మార్చడం. కాంట్రాస్ట్, క్లారిటీ మీటలను చివరి దాకా లాగితే అంత కష్టపడి సంపాదించిన క్రమమైన వెలుగు జారుడు పోయి, శిఖరరేఖ చుట్టూ తెల్లని అంచు వస్తుంది. నేను మొత్తం చిత్రానికి కాంట్రాస్ట్ పెంచను, శిఖరానికి ఇరుపక్కల వాలుల మధ్య తేడా చాలకపోతే వెలుగున్న వైపును మాత్రం బ్రష్‌తో పావు స్టాప్ పెంచుతాను. థార్ ఇసుక సహజంగా లేత గోధుమ రంగుది. దాన్ని నమీబియా తిన్నెల్లా ఎర్రగా మార్చిన ఫోటోలు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. అవి చూసి మీ ఫోటో వెలవెలపోయిందని అనుకోవద్దు.

చివరగా ఫిల్టర్లు. పోలరైజర్ కొనవద్దు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశాన్ని అది ఎక్కువగా నల్లబరుస్తుంది, వెడల్పు లెన్స్‌లో ఒక పక్క ముదురు, మరో పక్క లేత పడి ఆకాశం చారలు కడుతుంది. పైగా సంధ్యవేళ ఎటూ వెలుతురు తక్కువ, అది ఇంకో స్టాపున్నర తినేస్తుంది. ఆకాశం వెలుగు తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ సముద్రతీరంలో ఉపయోగపడుతుంది, తిన్నెల శిఖరం గీత గీసినట్టు ఉండదు కాబట్టి ఇక్కడ పైకి లేచిన తిన్నె నెత్తిని కూడా నల్లగా చేస్తుంది. ఆకాశానికీ ఇసుకకూ తేడా మరీ ఎక్కువనిపిస్తే రెండు స్టాపుల ఎడంతో రెండు ఫోటోలు తీసి కలుపుకోండి, గులాబీ పట్టీ ఉన్న వైపుకైతే ఆ అవసరమే రాదు. ఫిల్టరుకు పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఒక వైర్ రిలీజుకు (కెమెరాను తాకకుండా షట్టర్ నొక్కే తీగ) ఖర్చు చేయండి, మిగిలినదానితో ఖూరీలో మరో రాత్రి గది తీసుకోండి, ఎందుకంటే మొదటి ఉదయం తిన్నెలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోవడానికే సరిపోతుంది.